కన్సోల్ బ్యాకప్‌కు ఏ హార్డ్ డ్రైవ్ కొనాలి? కర్నూలు, అనంతపురం, కడప గేమర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ప్లేస్టేషన్ లేదా ఎక్స్‌బాక్స్ ఉండి, హార్డ్ డ్రైవ్ కొందామనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మన ఎండ, మన కరెంటు, మన నెట్ స్పీడు దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. మిగతావి మీకు కావాల్సినవే చూసుకోండి కానీ మొదటి ప్రశ్న మాత్రం అందరూ చదవండి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి గేములన్నీ దాంట్లోకి మార్చేశాను. ఇక నా డేటా భద్రమే కదా?

కాదు. గేములు పెట్టుకునే డ్రైవ్ వేరు, బ్యాకప్ డ్రైవ్ వేరు. ప్లేస్టేషన్‌లో మొదటిదాన్ని ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్ అంటారు. కన్సోల్ లోపల చోటు చాలనప్పుడు గేము ఫైళ్లను బయట పెట్టుకోవడానికే అది పనికొస్తుంది. గేమును అందులోకి మారిస్తే లోపలిది తీసి బయట పెట్టినట్టే తప్ప రెండో కాపీ ఏమీ తయారు కాదు. ఆ డ్రైవ్ చేజారి కింద పడితే గేములన్నీ దాంతోపాటే పోతాయి.

అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటుంది. మీరు నెలల తరబడి ఆడి సంపాదించుకున్న సేవ్ డేటా ఆ డ్రైవ్‌లోకి రానే రాదు. పీఎస్4లోనూ పీఎస్5లోనూ సేవ్‌లు, స్క్రీన్‌షాట్లు, వీడియో క్లిప్పులు కన్సోల్ లోపలి స్టోరేజ్‌లోనే ఉంటాయి. లోపలి డిస్క్ పాడైన రోజున గేములు బయట క్షేమంగానే ఉంటాయి, ఆట మాత్రం మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. అదే డేటా ఇంకోచోట ఇంకో కాపీగా ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి. ఈ తేడా తెలిస్తే ఏ డ్రైవ్ కొనాలి, ఎంత పెద్దది కొనాలి అనే సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి.

అయితే నేను కాపాడుకోవాల్సింది ఏది?

మళ్లీ దొరకనిది. డిజిటల్‌గా కొన్న గేము మీ అకౌంట్‌లో ఉంటుంది, ఎప్పుడైనా దించుకోవచ్చు. డిస్క్ కొన్నవాళ్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. క్రికెట్ గేములో మీరు నాలుగు సీజన్లు నడిపించిన కెరీర్‌ను, అన్నదమ్ములు కలిసి ఆడినప్పుడు రికార్డు చేసిన క్లిప్పును ఏ కంపెనీ తిరిగి ఇవ్వదు. మంచి విషయం ఏమిటంటే, సేవ్ ఫైళ్లు చాలా చిన్నవి. ఎక్కువ గేములకు కొన్ని ఎంబీలే. వీడియో క్లిప్పులే కాస్త చోటు తింటాయి.

నెట్ స్లోగా ఉన్న ఇళ్లలో మాత్రం గేములను కూడా బ్యాకప్‌లో కలుపుకోవడం మంచిదే. 100 జీబీ గేమును 100 ఎంబీపీఎస్ లైన్ మీద దించడానికి లెక్క ప్రకారం రెండుంపావు గంటలు పడుతుంది. అదే 15 ఎంబీపీఎస్ కనెక్షన్ అయితే దాదాపు 15 గంటలు, అదీ మధ్యలో లైన్ పోకపోతే. ఆదోని దగ్గరో పులివెందుల దగ్గరో పల్లెలో ఉండి మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లకు గేము ఫైళ్లు కూడా విలువైనవే.

ఎన్ని టీబీల డ్రైవ్ తీసుకోవాలి?

బ్యాకప్‌కు మాత్రమే అయితే, మీ కన్సోల్ లోపల నిండిన చోటుకన్నా కొంచెం పెద్దది చాలు. 500 జీబీ పీఎస్4కు 1 టీబీ హాయిగా సరిపోతుంది. మొదట్లో వచ్చిన పీఎస్5లో 825 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డ్రైవ్) ఉంటుంది, అందులో మనం వాడుకోగలిగేది 667 జీబీయే. దానికీ 1 టీబీ చాలు. 1 టీబీ ఉన్న పీఎస్5 స్లిమ్‌కు, పీఎస్4 ప్రోకు 2 టీబీ తీసుకుంటే పాత బ్యాకప్ చెరపకుండానే కొత్తది తీసుకోవచ్చు. అలా రెండు బ్యాకప్‌లు పక్కపక్కన ఉండటం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. కొత్తది సగంలో ఆగిపోయినా పాతది చేతిలో ఉంటుంది.

డబ్బా మీద 1 టీబీ అని ఉండి కంప్యూటర్‌లో 931 జీబీ చూపిస్తే కంగారు పడొద్దు. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. డ్రైవ్‌లో ఏ తప్పూ లేదు.

4, 5 టీబీల డ్రైవ్ కావాల్సింది గేముల కలెక్షన్ పెద్దగా ఉన్నవాళ్లకు. సేవ్‌లు, క్లిప్పులు మాత్రమే కాపాడుకోవాలనుకునే ఇంటికి అది అనవసరపు ఖర్చు. ఆ డబ్బుతో రెండు చిన్న డ్రైవ్‌లు కొని వేర్వేరు చోట్ల పెట్టుకుంటే భద్రత ఇంకా ఎక్కువ.

హార్డ్ డిస్క్ మంచిదా, ఎస్‌ఎస్‌డీ మంచిదా?

దేనికి వాడతారన్నదాన్ని బట్టి. హార్డ్ డిస్క్‌లో పళ్లేలు తిరుగుతుంటాయి, వాటి మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎడం కూడా లేకుండా డేటా చదివి రాసే హెడ్ కదులుతుంటుంది. అందుకే తిరిగేటప్పుడు దెబ్బ తగిలితే తట్టుకోలేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. యూఎస్‌బీ 3.0 మీద పోర్టబుల్ హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ రాస్తే, మామూలు ఎస్‌ఎస్‌డీ 400 దాటుతుంది.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచే నేరుగా పీఎస్4 గేములు ఆడాలనుకుంటే ఎస్‌ఎస్‌డీకి పెట్టిన డబ్బు లోడింగ్ స్క్రీన్ దగ్గరే తెలుస్తుంది. బ్యాకప్‌కు మాత్రం నేను హార్డ్ డిస్క్ వైపే మొగ్గుతాను. నెలకోసారి రాత్రి పెట్టి పడుకునే పనికి వేగంతో పనేముంది? అదే డబ్బుకు రెట్టింపు కన్నా ఎక్కువ చోటు వస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, మన ప్రాంతానికి అది బాగా వర్తిస్తుంది. ఎస్‌ఎస్‌డీ డేటాను విద్యుత్ చార్జ్ రూపంలో దాచుకుంటుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా, వేడిలో పడి ఉంటే ఆ చార్జ్ మెల్లగా తగ్గిపోతుంది. రాసే సామర్థ్యం పూర్తిగా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలుపుకోవాలని జేడెక్ (మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం చెబుతుంది. కొత్తది అంతకన్నా ఎక్కువ కాలమే నిలుస్తుంది, భయపడక్కర్లేదు. కానీ కర్నూలు వేసవిలో రేకుల కింద గదిలో బీరువా లోపల వేడి 30 దగ్గర ఆగదు కదా. ఎస్‌ఎస్‌డీ మీద బ్యాకప్ పెట్టుకున్నవాళ్లు కనీసం ఆర్నెల్లకోసారి దాన్ని కనెక్ట్ చేసి కాసేపు ఉంచండి.

పీఎస్5 గేములను ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచే ఆడొచ్చా?

ఆడలేరు, దాచుకోవచ్చు. 2021 ఏప్రిల్ అప్‌డేట్‌తో పీఎస్5 గేములను యూఎస్‌బీ డ్రైవ్‌లో పెట్టుకునే వీలొచ్చింది. ఆడాలంటే మళ్లీ లోపలి స్టోరేజ్‌కో, కన్సోల్ లోపల అదనంగా బిగించుకునే ఎం.2 ఎస్‌ఎస్‌డీకో మార్చుకోవాలి. పీఎస్4 గేములైతే యూఎస్‌బీ డ్రైవ్ నుంచే నడుస్తాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలోనూ పద్ధతి ఇలాగే ఉంటుంది. ఎక్స్‌బాక్స్ వన్ కాలం గేములు బయటి నుంచి నడుస్తాయి, కొత్త తరం గేములు లోపలికి మార్చాకే నడుస్తాయి.

ఒకే డ్రైవ్‌ను గేములకూ బ్యాకప్‌కూ కలిపి వాడుకోలేమా?

లేము. ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా ఎంచుకోగానే ప్లేస్టేషన్ డ్రైవ్ మొత్తాన్ని తన సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసేస్తుంది. అందులో పెళ్లి ఫొటోలు ఉన్నా, ఆఫీసు ఫైళ్లు ఉన్నా అన్నీ పోతాయి. ఆ తర్వాత కంప్యూటర్‌కు పెట్టినా అది తెరుచుకోదు. ఎక్స్‌బాక్స్ కూడా కొత్త డ్రైవ్ పెట్టగానే గేములకా, మీడియాకా అని అడుగుతుంది. గేములకని నొక్కితే ఫార్మాట్ అయిపోతుంది. పిల్లలు తొందరలో ఓకే నొక్కేసి ఇంట్లోవాళ్ల ఫొటోలు పోగొట్టడం మామూలుగా జరిగేదే కాబట్టి, కన్సోల్‌కు వాడే డ్రైవ్ మీద పెద్ద స్టిక్కర్ అంటించండి.

కొత్త డ్రైవ్ పెట్టాను, బ్యాకప్ తీసుకోబోతే పీఎస్4 గుర్తుపట్టడం లేదు. డ్రైవ్ చెడిపోయిందా?

చాలావరకు కాదు, ఫార్మాట్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) సమస్య. షాపులో దొరికే డ్రైవ్‌లు చాలా వరకు విండోస్ కోసం ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో వస్తాయి. ప్లేస్టేషన్ బ్యాకప్‌కు ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 కావాలి. కంప్యూటర్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ నొక్కి, ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి పెద్ద డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాటే మేలు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే స్నేహితుడి ల్యాప్‌టాప్ అయినా చాలు, రెండు నిమిషాల పని. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని గుర్తుంచుకోండి.

పీఎస్4, పీఎస్5లలో బ్యాకప్ ఎలా తీసుకోవాలి?

పీఎస్4లో సెట్టింగ్స్, సిస్టమ్, బ్యాక్ అప్ అండ్ రీస్టోర్. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, సిస్టమ్ సాఫ్ట్‌వేర్, బ్యాక్ అప్ అండ్ రీస్టోర్. గేములను వదిలేసి సేవ్‌లు, సెట్టింగ్స్ వరకే బ్యాకప్ చేయాలన్నా అక్కడే ఎంచుకోవచ్చు. పని నడుస్తున్నంతసేపూ ఆడటం కుదరదు.

మొదలుపెట్టే ముందు ట్రోఫీలను ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌తో సింక్ చేయండి, అవి బ్యాకప్‌లో రావు. ప్రతి యూజర్‌కూ పీఎస్ఎన్ అకౌంట్ లింక్ అయి ఉందో లేదో చూడండి. లింక్ లేని యూజర్ సేవ్‌లు వేరే కన్సోల్‌లోకి ఎక్కవు. పాత పీఎస్4 చెడి కొత్తది కొన్నప్పుడు చాలామందికి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

అన్నిటికన్నా ప్రమాదమైనది రీస్టోర్ బటన్. రీస్టోర్ చేస్తే కన్సోల్‌లో అప్పటికి ఉన్నదంతా చెరిగిపోయి, దాని స్థానంలో బ్యాకప్ వస్తుంది. "ఒకసారి పనిచేస్తుందో లేదో చూద్దాం" అని సరదాకు నొక్కకండి. బ్యాకప్ తర్వాత ఆడినదంతా పోతుంది.

సేవ్‌లు మాత్రమే చాలనుకునే పీఎస్4 వాళ్లకు సులువైన దారి ఉంది. సెట్టింగ్స్‌లో అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, సేవ్‌లను యూఎస్‌బీకి కాపీ చేసుకోవచ్చు. దానికి మామూలు పెన్‌డ్రైవ్ కూడా సరిపోతుంది. పీఎస్5 గేముల సేవ్‌లను అలా విడిగా కాపీ చేసే వీలు సోనీ ఇవ్వలేదు. వాటికి పీఎస్ ప్లస్ (సోనీకి డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం) ఇచ్చే క్లౌడ్ ఒక దారి, పైన చెప్పిన పూర్తి బ్యాకప్ ఇంకో దారి. ప్లస్‌కు ప్రతి నెలా డబ్బు కట్టలేని విద్యార్థులకు ఆ రెండో దారే దిక్కు. అందుకే పీఎస్5 ఉన్నవాళ్లకు బ్యాకప్ డ్రైవ్ తప్పనిసరి అంటాను.

స్క్రీన్‌షాట్లు, వీడియోలను మీడియా గ్యాలరీ నుంచి విడిగా యూఎస్‌బీకి కాపీ చేయండి. పూర్తి బ్యాకప్ ఫైలు కన్సోల్‌కు తప్ప దేనికీ అర్థం కాదు, విడిగా కాపీ చేసిన వీడియోలు మాత్రం ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటాయి.

నాది ఎక్స్‌బాక్స్. నాకూ బ్యాకప్ డ్రైవ్ కావాలా?

సేవ్‌ల కోసమైతే అక్కర్లేదు. నెట్ ఉండి అకౌంట్‌లో సైన్ ఇన్ అయి ఉంటే సేవ్‌లు వాటంతటవే క్లౌడ్‌కు వెళ్తాయి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. నెట్ లేకుండా వారాల తరబడి ఆడేవాళ్లు అప్పుడప్పుడూ హాట్‌స్పాట్ పెట్టి సింక్ అయ్యేదాకా ఆగండి. మొదట్లో వచ్చిన సిరీస్ ఎస్‌లో 512 జీబీయే కాబట్టి గేములు దాచుకోవడానికి డ్రైవ్ ఉపయోగపడుతుంది. అది యూఎస్‌బీ 3.0 అయి, కనీసం 128 జీబీ ఉండాలి.

నింటెండో స్విచ్‌కు?

హార్డ్ డ్రైవ్ పనికిరాదు. స్విచ్‌కు మైక్రోఎస్‌డీ కార్డు, స్విచ్ 2కు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డు. సేవ్‌లు మాత్రం కార్డులోకి వెళ్లవు, కన్సోల్‌లోనే ఉంటాయి. వాటికి నింటెండో ఆన్‌లైన్ సభ్యత్వంతో వచ్చే క్లౌడే ఆధారం.

ఏ పోర్టుకు పెట్టాలి? బ్యాకప్ రాత్రంతా నడుస్తూనే ఉంది.

పోర్టు తప్పు అయి ఉండొచ్చు. మొదటి మోడల్ పీఎస్5లో ముందువైపున్న పెద్ద యూఎస్‌బీ పోర్టు 480 ఎంబీపీఎస్ వేగానిది. వెనకాల ఉన్న రెండు పోర్టులు, ముందున్న టైప్ సీ పోర్టు అసలైన వేగం ఇస్తాయి. తేడా ఎంతంటే, 600 జీబీ డేటాకు సెకనుకు 100 ఎంబీ చొప్పున గంటా నలభై నిమిషాలు పడితే, నెమ్మది పోర్టులో సెకనుకు 35 ఎంబీ చొప్పున దాదాపు అయిదు గంటలు. ఇది కాగితం మీది లెక్క. కన్సోల్ బ్యాకప్‌లో చిన్న ఫైళ్లు చాలా ఉంటాయి కాబట్టి అసలు సమయం ఇంకా పెరుగుతుంది.

కేబుల్ కూడా డ్రైవ్‌తో వచ్చిందే వాడండి. పోర్టబుల్ డ్రైవ్‌కు కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే అందుతుంది. సన్నటి పొడవాటి కేబుల్ పెడితే కరెంటు చాలక మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంది. యూఎస్‌బీ హబ్ ద్వారా పెట్టొద్దు.

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది?

బ్యాకప్ రాస్తుండగా పోతే ఆ బ్యాకప్ పనికిరాదు, కన్సోల్‌లోని డేటాకు మాత్రం సాధారణంగా ఏమీ కాదు. ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా ఎప్పుడూ తగిలించి ఉంచే డ్రైవ్‌కే ముప్పు ఎక్కువ. డ్రైవ్ రాస్తున్నప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. ఆ తర్వాత కన్సోల్ రిపేర్ చేయాలంటుంది, ఒక్కోసారి ఫార్మాట్ చేయమంటుంది. మే నెలలో గాలివాన ముందు కరెంటు నిమిషానికోసారి వచ్చి పోతుంటుంది కదా, డ్రైవ్‌ను బాగా దెబ్బతీసేది అలాంటి సమయమే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో లైట్లు, ఫ్యాన్లకు తెలియనంత చిన్న ఆలస్యమే కన్సోల్‌ను ఆపేయడానికి సరిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో అయితే కన్సోల్ ఆగకుండా నడుస్తుంది. ఇన్వర్టర్ లేనివాళ్లకు కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ అయినా చాలు. దాని మీద గంటలు గంటలు ఆడాలని కాదు, సేవ్ చేసి మామూలుగా ఆపుకునే సమయం దొరికితే చాలు.

రెస్ట్ మోడ్‌లో ఉన్న కన్సోల్ నుంచి డ్రైవ్ లాగేయడం కూడా కరెంటు పోయినంత ప్రమాదం. మొదట సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్ వాడటం ఆపమని చెప్పి, తర్వాత తీయండి.

మన ఎండకు హార్డ్ డ్రైవ్ తట్టుకుంటుందా?

చాలా పోర్టబుల్ డ్రైవ్‌ల స్పెసిఫికేషన్‌లో పనిచేసే ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల వరకు అని రాసి ఉంటుంది. ఏప్రిల్, మేలలో కర్నూలులోనూ కడపలోనూ మధ్యాహ్నం బయట 40 దాటుతుంది. ఏసీ లేని మేడ మీది గదిలో, టీవీ స్టాండ్ మూలన, కన్సోల్ వెనక నుంచి వచ్చే వేడిగాలికి ఎదురుగా డ్రైవ్ ఉందంటే, ఆ 35ను ఎప్పుడో దాటిపోయినట్టే. దానివల్ల అప్పటికప్పుడు ఆగిపోదు, ఆయుష్షు తగ్గుతుంది.

వేసవిలో బ్యాకప్ పని తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో పెట్టుకోండి. డ్రైవ్‌ను కన్సోల్ మీద కాకుండా పక్కన, నేల మీద పలక మీదో చెక్క మీదో పెట్టండి. గుడ్డ కప్పొద్దు. పరుపు మీద పెట్టొద్దు. పని అయిపోగానే తీసి దాచేయండి. ఎండలో నిలిపిన కారులో, స్కూటర్ డిక్కీలో డ్రైవ్ వదిలి బజారుకు వెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. దుమ్ముకు పోర్టబుల్ డ్రైవ్ లోపలి భాగం మూసి ఉంటుంది కాబట్టి భయం లేదు, యూఎస్‌బీ పోర్టులోకి మట్టి చేరకుండా ఒక చిన్న పౌచ్ చాలు.

ఎస్ఎమ్ఆర్ డ్రైవ్ కొనొద్దని ఎవరో చెప్పారు. నిజమేనా?

బ్యాకప్‌కు భయపడక్కర్లేదు. ఈ రకం డిస్క్‌లో ట్రాకులు ఇంటిమీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. అందువల్ల తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది. మధ్యలో ఒక ట్రాకును మార్చాలంటే మాత్రం పక్కవాటినీ తిరిగి రాయాలి, కాబట్టి రాయడం కొంతసేపటికి నెమ్మదిస్తుంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే పెద్ద సైజు పోర్టబుల్ డ్రైవ్‌లు ఎక్కువ భాగం ఈ రకమే, వెతికినా వేరేవి దొరకడం కష్టం. ఒకసారి రాసి దాచిపెట్టే పనికి ఇవి బాగానే ఉంటాయి.

గేమింగ్ ఎడిషన్ డ్రైవ్‌లు, లైట్లు ఉన్నవి, ప్లేస్టేషన్ బొమ్మ ఉన్నవి కొనాలా?

లోపల ఉండేది మామూలు పోర్టబుల్ డ్రైవే. కంటికి నచ్చి కొంటే సరే, పనితనం పెరుగుతుందని మాత్రం కొనొద్దు.

ఎక్కడ కొనాలి? ఊళ్లోనా, బెంగళూరు నుంచి తెప్పించుకోవాలా, ఆన్‌లైన్‌లోనా?

అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లడం మొదటి నుంచీ ఉన్న అలవాటు. ధర తక్కువే కానీ అక్కడ జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి. వేరే దేశానికి వెళ్లాల్సిన స్టాక్ అమ్మితే ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. డ్రైవ్ వెనక ఉన్న సీరియల్ నంబరును అక్కడే ఫోన్‌లో కంపెనీ సైట్‌లో కొట్టి, ఇండియా వారంటీ చూపిస్తేనే డబ్బు ఇవ్వండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. హార్డ్ డ్రైవ్ మీద పన్ను 18 శాతం ఉంటుంది, "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటే ఆ తగ్గింపు మీ వారంటీని అమ్ముకుని తీసుకున్నదే.

నా మాటకొస్తే, తేడా కొన్ని వందలే అయితే ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న షాపులోనే కొంటాను. రెండు వారాల్లో డ్రైవ్ చెడితే నడిచి వెళ్లి మార్చుకోవచ్చు. ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. వారంటీలో కంపెనీ కొత్త డ్రైవ్ ఇస్తుంది తప్ప పోయిన డేటా ఇవ్వదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ముఖ్యమైన హెచ్చరిక. రెండు వేలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అంటూ కనిపించేవన్నీ నకిలీవే. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, సైజు మాత్రం 16 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చి ఉంటారు. కాపీ అయినట్టే కనిపిస్తుంది, అసలు చోటు నిండాక రాసినదంతా గాలిలో కలిసిపోతుంది. అది బయటపడేది బ్యాకప్ అవసరమైన రోజునే. ఏ కొత్త డ్రైవ్ కొన్నా విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం చోటు రాయించి చదివించండి. ఒక రాత్రి పడుతుంది, కానీ మనసుకు నెమ్మదిగా ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ డ్రైవ్ తక్కువకు ఇస్తానంటున్నాడు.

బ్యాకప్‌కు వద్దు. తప్పదంటే కంప్యూటర్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో ఎన్ని గంటలు నడిచిందో, రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టేసిన భాగాలు) ఉన్నాయో లేదో చూడండి. సీసీ కెమెరా రికార్డర్లలో రాత్రింబగళ్లు నడిచి వచ్చిన డిస్క్‌లకు కొత్త కవరు తొడిగి అమ్మడం ఉంది. గంటల సంఖ్య పదివేలు దాటి ఉంటే వదిలేయండి.

మాది గేమింగ్ పార్లర్, నాలుగు పీఎస్4లు ఉన్నాయి. నాలుగు డ్రైవ్‌లు కొనాలా?

బ్యాకప్‌కు ఒకటి చాలు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన 4 టీబీ డ్రైవ్‌లో నాలుగు కన్సోళ్ల బ్యాకప్‌లూ విడివిడిగా పడతాయి. బ్యాకప్ పేరులో ఏది ఏ కన్సోల్‌దో తెలిసేలా రాయండి, లేకపోతే మూడో సిస్టమ్‌లో ఒకటో సిస్టమ్ బ్యాకప్ ఎక్కించేస్తారు.

పార్లర్‌కు ఇంకో లెక్క కూడా ఉంది. పీఎస్4 వచ్చింది 2013లో. పార్లర్‌లో రోజుకు పది పన్నెండు గంటలు తిరిగిన లోపలి హార్డ్ డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. దాన్ని మనమే మార్చుకోవచ్చు. 9.5 మిల్లీమీటర్ల మందం మించని 2.5 అంగుళాల సాటా డిస్క్ గానీ ఎస్‌ఎస్‌డీ గానీ సరిపోతుంది. మార్చాక సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ ఎక్కించి, ఆ పైన బ్యాకప్ రీస్టోర్ చేస్తే ఆ రోజు సాయంత్రానికే సిస్టమ్ మళ్లీ నడుస్తుంది. బ్యాకప్ లేకపోతే ఒక్కో గేమూ దించుకుంటూ దసరా సెలవుల బేరం పోగొట్టుకోవాలి.

పాత పీఎస్3 ఇంకా వాడుతున్నాం.

దానికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు, ఫ్యాట్32 మాత్రమే. విండోస్ మామూలు ఫార్మాట్ విండోలో 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఆ ఆప్షన్ కనిపించకపోతే విడిగా ఒక ఉచిత టూల్ వాడాలి. కాపీ చేయడం నిషేధించిన సేవ్‌లు కొన్ని గేముల్లో ఉంటాయి, అవి వేరే పీఎస్3లోకి ఎక్కవు.

బ్యాకప్ డ్రైవ్‌ను ఎక్కడ దాచాలి?

కన్సోల్ పక్కన మాత్రం కాదు. దొంగతనం జరిగినా, షార్ట్ సర్క్యూట్ అయినా రెండూ కలిసే పోతాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో సామాన్లన్నీ నీళ్లపాలయ్యాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున రాజంపేట వైపు ఊళ్లకు ఏం జరిగిందో కడప వాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రాణాల ముందు గేము డేటా ఎంత అనిపించవచ్చు, నిజమే. కానీ అదే డ్రైవ్‌లో ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు కూడా పెట్టుకునేవాళ్లు చాలామంది. ఎక్స్‌ఫ్యాట్ బ్యాకప్ డ్రైవ్‌లో అలా పెట్టుకోవచ్చు కూడా. మేడ మీద బీరువాలో పెట్టండి, వీలైతే ఇంకో కాపీ పెదనాన్న ఇంట్లోనో అక్క వాళ్ల ఇంట్లోనో ఉంచండి.

ఎన్నాళ్లకోసారి బ్యాకప్ తీసుకోవాలి?

పోతే బాధపడేంత ఆడిన ప్రతిసారీ. రోజూ ఆడేవాళ్లకు నెలకోసారి సరిపోతుంది. సర్వీస్ సెంటర్‌కు ఇచ్చే ముందు, కన్సోల్ అమ్మే ముందు, లోపలి డిస్క్ మార్చే ముందు తప్పనిసరి. రిపేరుకు ఇచ్చిన కన్సోల్‌ను అక్కడివాళ్లు ఫార్మాట్ చేసి ఇవ్వడం సాధారణం, తర్వాత అడిగినా లాభం ఉండదు.

బ్యాకప్ డ్రైవ్ టిక్ టిక్ మని చప్పుడు చేస్తోంది. ఏం చేయాలి?

వెంటనే ఆపేసి తీసేయండి. ఆ చప్పుడు వస్తుంటే హెడ్ దారి వెతుక్కుంటోందని అర్థం. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తే పళ్లెం గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం, అరచేత్తో తట్టడం లాంటి చిట్కాలు నమ్మొద్దు. కన్సోల్ బాగానే పనిచేస్తోందా? అయితే మీ డేటా ఇంకా ఉన్నట్టే. వేరే డ్రైవ్ తెచ్చి ఇవాళే కొత్త బ్యాకప్ తీసుకోండి, ఆ తర్వాతే పాత డ్రైవ్‌ను బిల్లుతో సహా వారంటీకి పంపండి. కన్సోల్ కూడా పోయి ఆ డ్రైవ్‌లోదే ఆఖరి కాపీ అయితే మాత్రం ఊళ్లో ఎవరితోనూ విప్పించకుండా నేరుగా డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. డ్రైవ్ ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు కాబట్టి, ఎంత అవుతుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.